పెద్ద సరంగు పుస్తకం

"మీ ఆయనకి చెప్పు, మూడింటికల్లా రేవు ఆఫీసులో ఉండాలట. ఉతికిన చొక్కా వేసుకోమను."

"మీ నాన్నకి చెప్పు, నాకు టైము తెలుసు. చొక్కా సంగతీ తెలుసు."

ఇద్దరి మధ్యా ఉన్నది మూడడుగుల బల్ల. ఒకరి మాట ఒకరికి నిక్షేపంగా వినపడుతోంది. అయినా నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మామా అల్లుళ్ళ మాటలన్నీ కూతురు పిచ్చుక మీదుగానే అటూ ఇటూ నడుస్తున్నాయి.

చిన్నప్పుడు ఒక్క క్షణం నోరు మూసేది కాదని తండ్రి పెట్టిన పేరు అది. ముప్పై ఏళ్ళొచ్చినా రేవులో ఎవరూ ఆమెను మరో పేరుతో పిలవలేదు. ఈ నాలుగు రోజుల్లో మాత్రం పిచ్చుక పిచ్చుకలా లేదు.

"నన్ను టెలిఫోను తీగని చేసేశారు ఇద్దరూ," అంది ఖాళీ కంచాలు తీస్తూ.

"తీగ తెగితే గానీ బుద్ధి రాదులే," అంది వంటింట్లోంచి అమ్మ. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ తనేమందో అమ్మకు తెలియలేదు. పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయింది. బల్ల దగ్గర మగవాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు.

తెగింది తీగ కాదు, వల లాగే ఇనుప తాడు. నాలుగు రోజుల కిందట అల్లుడు నడుపుతున్న బోటు వల సముద్రం అడుగున మునిగి ఉన్న పాత ఓడకి తగులుకుంది. బోటు వెనక్కి ఒరిగింది. తాడు తెగింది. తెగిన కొస, తాడు లాగే వించి మర దగ్గర నిలబడ్డ బాబాయి కాలికి చుట్టుకుంది. ఆస్పత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

వించి బాబాయి రక్తసంబంధం కాదు. పిచ్చుక తండ్రి పెద్ద సరంగు బోటు నడిపిన నలభై ఏళ్ళలో ముప్పై ఏళ్ళు ఆయన వెనకాల వించి తిప్పినవాడు. పిచ్చుకని భుజాల మీద మోసినవాడు. రెండేళ్ళ కిందట చూపు మందగించి పెద్ద సరంగు ఒడ్డున కూర్చున్నాక, "మన పిల్ల మొగుడే కదా," అంటూ అల్లుడితో అదే బోటు ఎక్కాడు.

ఇవాళ మూడింటికి విచారణ. తప్పు అల్లుడిదని తేలితే బోటు నడిపే సరంగు లైసెన్సు రద్దవుతుంది. ఒకసారి లైసెన్సు పోయినవాడు ఆ రేవులో మళ్ళీ చుక్కాని పట్టిన దాఖలా లేదు. రేవంతా అతణ్ణి అల్లుడు సరంగు అంటారు. ఎవరి అల్లుడో ఎవరూ అడగరు. ఆ పేరులో రెండో సగం సాయంత్రం దాకా ఉంటుందో లేదో.

"సముద్రాన్ని చూడాల్సినవాడు టీవీ చూస్తూ కూర్చుంటే ఇలాగే అవుతుంది," అన్నాడు పెద్ద సరంగు, గోడతో చెబుతున్నట్టు.

అల్లుడు లేచి నిలబడ్డాడు. ఈసారి పిచ్చుక కోసం ఆగలేదు. "టీవీ కాదు మామయ్యా, దారి చూపే తెర. అందులో మీరు రాసుకున్న గుర్తులే ఉన్నాయి. ఆ పాత ఓడ ఎర్రచుక్కై కనబడుతోంది. దానికి ముప్పావు మైలు ఎడంగా వల వేశాను. నా కళ్ళతో చూసి వేశాను."

"మరి ఓడ ఈదుకుంటూ వచ్చిందా నీ దగ్గరికి?"

అల్లుడు మళ్ళీ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. గడ్డం సరంగు, కళ్ళజోడు సరంగు వచ్చారు. విచారణకి తోడు వెళదామని వచ్చినవాళ్ళు, టీ చేతికి రాకముందే వాళ్ళ పాత గొడవలో పడ్డారు. ఆ ఇద్దరూ పడవలు పక్కపక్కన కట్టుకుంటారు, అభిప్రాయాలు మాత్రం చెరో ఒడ్డున.

"నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా," అన్నాడు గడ్డం సరంగు. "ఇదివరకు మన దగ్గర మూడు డబ్బాలుండేవి. రాడారు ఒకటి, జీపీఎస్ ఒకటి, లోతు చెప్పేది ఒకటి. మూడూ తోడికోడళ్ళలాగా ఒకదానితో ఒకటి పడేవి కావు. అవి కొట్టుకుంటుంటే ఎక్కడో తేడా ఉందని నాకు తెలిసేది. ఇప్పుడు మూడింటినీ ఒకే తెరలో పెట్టి కాపురం చేయిస్తున్నారు. దానికి ఎవడన్నా ఒక అబద్ధం ఎక్కించాడా, మూడూ కలిసి అదే చెబుతాయి."

"నువ్వు బతికుండి ఈ మాటలు చెబుతున్నావంటే ఆ తెర పుణ్యమే," అన్నాడు కళ్ళజోడు సరంగు. "మొన్న పొగమంచులో సరుకు ఓడ మన మీదికొస్తుంటే ఎవరు చెప్పారు? నీ గడ్డం చెప్పిందా? దాని పేరు, వేగం, ఎటు పోతుందో అంతా ఒక్కచోట రాసి చూపించింది. మూడు డబ్బాల మధ్య మెడ తిప్పుకునేలోగా చేపలకి మేతయ్యేవాళ్ళం."

"మరి గంటకి నలభైసార్లు అరుస్తుందే, ఆ అలారం?"

"దాని నోరు అందరం నొక్కేశాం. నువ్వూ నొక్కావు. ఆఫీసులో ఆ మాట ఎత్తకు."

అల్లుడు టీ కప్పులోకి చూస్తూ, "నేను ఎత్తుతాను," అన్నాడు. "అలారమే కాదు. లోతు చూపే కిటికీని కూడా తెరలో మూలకి తోసేశాను. మ్యాపు పెద్దగా, అంత స్పష్టంగా కనిపిస్తుంటే లోతుతో పనేముందిలే అనిపించింది. పాత డబ్బా ఉంటే మోచేతి పక్కనే గీతలు గీస్తూ ఉండేది. అడుగున ఎత్తుగా ఏదో ఉందని తెలిసేది. ఇందులో నేనే దాన్ని కనబడకుండా చేసుకున్నాను."

కళ్ళజోడు సరంగు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అది మురికిగా ఏమీ లేదు.

"అదొక్కటేనా," అన్నాడు గడ్డం సరంగు, మాట మార్చడానికి. "మనం ఎక్కించిన గుర్తులన్నీ ఒడ్డున ఎవడి కంప్యూటర్లోకో పోతాయంటగా. నలభై ఏళ్ళు వలలు చింపుకుని తెలుసుకున్న చోట్లు. ఎవడో కుర్చీలో కూర్చుని మీట నొక్కితే వాడికి దొరికిపోతాయి. ఏం పెద్ద సరంగూ, నువ్వు ఎలా ఒప్పుకున్నావు అసలు?"

ఇలాంటి మాటొస్తే పెద్ద సరంగు బల్ల గుద్ది మరీ మాట్లాడతాడని అందరికీ తెలుసు. ఆయన కప్పు కింద పెట్టాడు.

"గడ్డం గీసుకోవాలి. టైమవుతోంది," అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

సరంగులిద్దరూ అల్లుణ్ణి వెంటబెట్టుకుని ముందుగా ఆస్పత్రి వైపు బయల్దేరారు. పిచ్చుక మేడ మీది గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

ఎవరికీ చెప్పని భయం ఒకటి ఆమె గుండెల్లో నాలుగు రోజులుగా కూర్చుని ఉంది. ఆ గుర్తులు మిషన్లో ఎక్కించింది ఆమే. నాలుగు నెలల కిందట కొత్త తెర బిగించినప్పుడు పాత జీపీఎస్ పాడైపోయి అందులో దాచిన గుర్తులన్నీ పోయాయి. తండ్రి రాసుకున్న నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బోటు పైగదిలో రెండు రోజులు కూర్చుని, రెండు వందల పన్నెండు గుర్తులు ఒక్కొక్కటే కొట్టింది. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో పదేళ్ళుగా టైపు కొట్టే చేతులు. తప్పు పోదని ధీమా. ఇప్పుడా ధీమా ఏమైందో తెలియదు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఒక కాలు పోతుందని ఆమెకి ఎవరు చెప్పారు?

మిషన్లోంచి తీయించిన కాగితాలు పరుపు మీద పరిచింది. పక్కన నోటుపుస్తకం. ఇది మూడోసారి చూడడం. పాత ఓడ అక్షాంశం, పుస్తకంలో నలభై రెండు పాయింటు తొమ్మిది నిమిషాలు. కాగితంలో నలభై రెండు పాయింటు తొమ్మిది. సరిగ్గానే కొట్టింది. మరో పేజీ చూసింది. అదీ సరిగ్గానే ఉంది.

తప్పు తనది కానందుకు ఊపిరి పీల్చుకోవాల్సింది. పీల్చుకోలేకపోయింది. తనది కాకపోతే మొగుడిదే అవుతుంది మరి.

మొగుడు రాసిచ్చిన వాంగ్మూలం నకలు తీసి చూసింది. వల తగులుకున్న చోటు అందులో ఉంది. నలభై రెండు పాయింటు రెండు. పుస్తకంలో ఉన్నదానికీ ఓడ నిజంగా ఉన్నదానికీ మధ్య తేడా ఏడు. అక్షాంశంలో ఒక నిమిషమంటే సముద్రం మీద ఒక మైలు, అంటే మైలులో పదో వంతులు ఏడు. అతను చెప్పే ముప్పావు మైలు ఇంచుమించు అదే.

నాన్న రాసుకోవడంలోనే తప్పు పోయిందా? ఆయనకా? నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

ఊరికే పుస్తకం మొదటి పేజీ తిప్పింది. అందులో మొట్టమొదటి గుర్తు రేవు ముఖద్వారంలోని లైట్‌హౌస్. అది మిషన్ మ్యాపులో ముందే ఉంటుంది కాబట్టి అప్పుడు ఆమె కొట్టలేదు, వదిలేసింది. పుస్తకంలో ముప్పై రెండు పాయింటు మూడు అని ఉంది. కిటికీ పక్కన గోడకి వేలాడే రేవు క్యాలెండరు మీద లైట్‌హౌస్ బొమ్మ కింద ఎప్పుడూ అచ్చేసే అంకె ముప్పై ఒకటి పాయింటు ఆరు.

తేడా ఏడు.

వేళ్ళు ముడిచి మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే. మొగుడు నాలుగు నెలలుగా విసుక్కునే మాట ఇప్పుడు గుర్తొచ్చింది. మీ నాన్న చెప్పిన చోట ఒక్క చేప కూడా ఉండదే, ఏం పుస్తకం అది అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళింది. పెద్ద సరంగు కొళాయి పక్కన గోడకి తగిలించిన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఒక చెంప గీసుకున్నాడు, రెండో చెంప నిండా నురుగు.

"నాన్నా, మన లైట్‌హౌస్ ఎప్పుడన్నా జరిగిందా?"

బ్లేడు ఆగింది. అద్దంలో ఆయన కళ్ళు కూతురి చేతిలోని పుస్తకాన్ని చూశాయి.

"జరగలేదు," అన్నాడు.

"అయితే పుస్తకంలో ఎందుకు జరిగింది?"

పెద్ద సరంగు బ్లేడుని కొళాయి కింద కడిగి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన చెప్పాడు. గొంతులో మామూలు దబాయింపు లేదు.

"ప్రతిదానికీ ఏడు కలిపి రాసేవాణ్ణి. మొదటి రోజు నుంచీ. పుస్తకం ఎవడి చేతికన్నా చిక్కితే వాడు నా చోట్లకి పోకూడదని. వాడుకునేటప్పుడు మనసులో ఏడు తీసేసుకునేవాణ్ణి. ఒక్క నా బుర్రకే తెలుసు. మీ అమ్మకి కూడా తెలియదు."

"నేను రెండు రోజులు కూర్చుని కొడుతుంటే చూశావు. టీ పంపించావు. ఒక్క మాట చెప్పలేదు."

"ఒడ్డున ఎవడికో పోతాయన్నారు కదా అవన్నీ. అబద్ధం అంకెలే పోనీ అనుకున్నా. మీ ఆయనకి మాత్రం విడిగా చెబుదామనుకున్నా. ఏడు తీసేసి చదువుకో అని."

"మరి చెప్పలేదేం?"

"చెప్పే రోజునే కదా, రేవులో పదిమంది మధ్య అన్నాడు మీ ఆయన. మామయ్య నలభై ఏళ్ళ విద్య ఇప్పుడు బొటనవేలంత కార్డు ముక్కలో పట్టేసింది, ఇక ఎవడైనా సరంగు కావచ్చు అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." పెద్ద సరంగు చెంప మీది నురుగు ఆరిపోతోంది. "సరే, ఆ ముక్కనే అడుగు అనుకున్నాను. నాలుగు రోజులు చేపలు పడకపోతే వాడే కాళ్ళ దగ్గరికి వస్తాడు, అప్పుడు చెబుదాం అనుకున్నాను. రాలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు."

"చేపలు పడకపోవడం వేరు నాన్నా. ఆ పుస్తకంలో వల చిరిగే చోట్లు కూడా ఉన్నాయి. ఓడ ఉంది. అది నీకు తెలియదా?"

"తెలుసు," అన్నాడు. అద్దంలోకి చూస్తూనే, "ఆ వైపు వెళ్ళరనుకున్నా," అన్నాడు.

పిచ్చుకకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆయన్ని అలా సగం గీసుకున్న మొహంతో చూస్తే అసహ్యం వేసింది. తండ్రి మీద అసహ్యం వేయడం ఆమెకి అదే మొదటిసారి. వెంటనే తన మీద తనకే భయం వేసింది.

"ఇవాళ ఆయన లైసెన్సు పోతుంది. బాబాయి కాలు ఎలాగూ పోయింది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను. ఆఫీసులో నేనే లేచి చెబుతాను. అంతవరకు ఎవరికీ చెప్పకు, వాడికి కూడా." ఆయన మొదటిసారి అద్దంలోంచి కాక తిరిగి నేరుగా చూశాడు. "నా నోటితో నన్ను చెప్పుకోనీ తల్లీ. పుస్తకం ఇంట్లోనే ఉంచు. అది అందరి చేతుల్లో పడడం నాకిష్టం లేదు."

ఆమె సరేనంది. సరేనని పుస్తకాన్ని చేతిసంచిలో అడుగున పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అడిగితే అప్పుడామె చెప్పలేకపోయేది.

రేవు ఆఫీసు గది ఇరుకు. గోడకి నిలువెత్తు సముద్రం మ్యాపు, దాని ముందు పొడవాటి బల్ల, పైన చప్పుడు చేసే ఫ్యాను. అల్లుడి లైసెన్సు పుస్తకం ఆఫీసరు ముందు గాజు బరువు కింద ఉంది. గాలికి దాని అట్ట లేస్తూ పడుతూ ఉంది.

వించి బాబాయి భార్య ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. నాలుగు రోజులుగా అదే చీర. పిన్ని వస్తూనే పిచ్చుక పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "రాత్రంతా లేని కాలు నొప్పంటున్నాడమ్మా," అంది మెల్లగా. "దుప్పటి తీసి చూడమంటాడు. నేనేం చూడను?"

అల్లుడు దాచకుండా అంతా చెప్పాడు. అలారం నోరు నొక్కడం, లోతు కిటికీని మూలకి తొయ్యడం, అన్నీ. ఆఫీసరు మంచివాడే. రాసుకుంటూ మధ్యలో రెండుసార్లు కలం ఆపాడు.

"తెర మీద గుర్తు చూసి ఎడంగా వెళ్ళానంటున్నారు. గుర్తు తప్పని మీ దగ్గర ఆధారం ఉందా?"

"లేదు సార్."

"అయితే జాగ్రత్త తీసుకోకుండా నడిపినట్టు రాయాల్సి వస్తుంది. సంతకం పెట్టండి."

కాగితం బల్ల మీద ముందుకి జరిగింది. పిచ్చుక తండ్రి వైపు చూసింది. పెద్ద సరంగు లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఆమె గుండె కుదుటపడింది. ఎంతైనా నాన్న నాన్నే అనుకుంది.

"అయ్యా, తప్పు అల్లుడిది కాదు," అన్నాడాయన.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు.

"గుర్తులు మిషన్లో ఎక్కించింది మా అమ్మాయి. రెండు వందల పైచిలుకు, రెండు రోజుల్లో కొట్టింది. ఎండ, ఉక్క. ఎక్కడో ఒక అంకె చెయ్యి జారి ఉంటుంది. కావాలని చేసింది కాదు. దానికేమో లైసెన్సూ లేదు, గిసెన్సూ లేదు. పొరపాటని రాసుకుంటే సరిపోతుంది కదయ్యా."

ఎంత శుభ్రంగా చెప్పాడంటే, ఒక్క క్షణం పిచ్చుకే నమ్మేసింది. తన వేళ్ళ వంక చూసుకుంది.

అల్లుడు తల తిప్పి భార్యని చూశాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అతని మొహం తేలికపడింది. అలా తేలికపడినందుకు వెంటనే సిగ్గుపడి చూపు దించుకున్నాడు.

పిన్ని పిచ్చుక చెయ్యి వదిలేసి, తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నిజమేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

ఔనంటే అయిపోతుంది. మొగుడి లైసెన్సు మిగులుతుంది, తండ్రి పరువు మిగులుతుంది. తనకి పిన్ని చేతులు మాత్రం మిగలవు. పిచ్చుక సంచి జిప్పు తీసింది.

"పిచ్చుకా," అన్నాడు తండ్రి. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఆయన గొంతు అలా లేదు. "వద్దమ్మా."

ఆమె పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"నేను ఇందులో ఉన్నదున్నట్టే కొట్టాను సార్. మొదటి పేజీలో మన లైట్‌హౌస్ ఉంది. మీ గోడ మీద మ్యాపులో కూడా ఉంది. రెండూ చూడండి."

ఆఫీసరు పుస్తకంతో లేచి మ్యాపు దగ్గరికి వెళ్ళాడు. వేలితో అంచు అంకెలు వెతికాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. ఓడ ఉన్న పేజీ ఎక్కడని అడిగాడు. ఆమె చెప్పింది. అల్లుడు ఎప్పుడు లేచాడో, ఆఫీసరు భుజం వెనకాల నిలబడి పెదాలు కదిలిస్తూ తీసివేతలు చేస్తున్నాడు. రెండో అంకె దగ్గర అతని పెదాలు ఆగిపోయాయి.

"ఎంత కలిపేవారు?" అని అడిగాడు ఆఫీసరు, వెనక్కి తిరక్కుండానే.

పెద్ద సరంగు ఇంకా నిలబడే ఉన్నాడు. "ఏడు," అన్నాడు.

"నాతో చెప్పాల్సింది మామయ్యా," అన్నాడు అల్లుడు. కోపంగా కూడా అనలేదు. ఆ గదిలో అతను పెద్ద సరంగుతో నేరుగా అన్న మాట అదొక్కటే. ఆఫీసరు గాజు బరువు కింద నుంచి లైసెన్సు పుస్తకం తీశాడు గానీ అతనికివ్వలేదు. చేతిలోనే పట్టుకుని ఏదో ఆలోచిస్తున్నాడు.

పిన్ని కుర్చీలోంచి లేచింది. నలుగురిలో పెద్ద సరంగు ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆమె ఎరగదు. ముప్పై ఏళ్ళూ తలుపు పక్క నుంచే మాట్లాడేది.

"మీ తమ్ముడు వెనకాలే నిలబడేవాడు కదా బావగారూ, ముప్పై ఏళ్ళు," అంది. "ఎవరికి తెలియకూడదని ఆ ఏడు కలిపి రాసుకున్నారు?"